పగడపు దీవుల పాఠం, సున్నపురాతి నేలల ప్రశ్న

ఎర్రగుంట్ల పరిసరాల్లో నేల కింద సున్నపురాయి ఉంది. నాపరాయి గనులకూ సిమెంటు కర్మాగారాలకూ అదే ఆధారం. భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అని పిలిచే ఈ పొర ఒకనాటి లోతులేని సముద్రం అడుగున పేరుకున్నది. ఇక్కడికి నైరుతి దిక్కున వేంపల్లె, వేముల మండలాల్లో బయటపడే డోలమైటు రాయి ఇంతకంటే ప్రాచీనమైనది. అది కూడా సముద్రంలో పుట్టినదే. దానిలో పొరలు పొరలుగా, బోర్లించిన గిన్నెల ఆకారంలో కనిపించే స్ట్రోమటోలైటులు ఆ సముద్రంలోని సూక్ష్మజీవులు సున్నపు రేణువులను పట్టి బంధించగా ఏర్పడ్డాయి. వేంపల్లె శిలాశ్రేణి అని పేరున్న ఈ రాతిలోనే తుమ్మలపల్లె యురేనియం ఖనిజం ఉంది.

తుమ్మలపల్లెలో గని, శుద్ధి కర్మాగారం 2012లో పనిచేయడం ప్రారంభించాయి. శుద్ధి తర్వాత మిగిలిన వ్యర్థ బురదను కె.కె.కొట్టాల సమీపంలోని చెరువులో నిల్వ చేస్తారు. బోర్ల నీరు మారిందని, అరటి వంటి పంటలు దెబ్బతింటున్నాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. 2018, 2019 సంవత్సరాల్లో ఆ ఫిర్యాదులు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వరకు వెళ్లాయి. గని నిర్వాహకులు ఆ ఆరోపణలను అంగీకరించలేదు. ఇటువంటి సందర్భంలో గ్రామానికి వెళ్లిన విస్తరణ శాస్త్రవేత్తకు మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. నీటిలో ఉన్నదేమిటి? అది ఎప్పటి నుంచి ఉంది? అది పంటలోకి, తినే భాగంలోకి ఎంత చేరుతుంది?

ఈ మూడు ప్రశ్నలకు విస్తృత స్థాయిలో జవాబు వెతకవలసి వచ్చిన తొలి శాస్త్రజ్ఞులలో చేపలను, పగడాలను, నాచును అధ్యయనం చేసేవారు ముఖ్యులు. అణు పరీక్షలు జరిగిన పసిఫిక్ దీవుల చుట్టూ సముద్ర జీవులను పరిశీలించడానికి వెళ్లిన యాత్రలు అర్ధశతాబ్దానికి పైగా సాగాయి. ఆ యాత్రలు చివరకు చేరుకున్న ప్రధాన సమస్య సముద్రానిది కాదు, నేలది, ఎరువుది. అందువల్ల ఆ చరిత్ర వ్యవసాయ శాస్త్ర విద్యార్థికి కూడా అవసరమైనదే.

పరీక్షకు ముందే లెక్క

మార్షల్ దీవులలోని బికినీ ఒక పగడపు వలయం. లోతు తక్కువ ఉన్న ఉప్పునీటి మడుగు చుట్టూ సన్నని దీవులు హారంలా ఉంటాయి. 1946 మార్చిలో అమెరికా ప్రభుత్వం అక్కడి 167 మంది నివాసులను రోంగెరిక్ అనే మరో దీవికి తరలించింది. ఆ ఏడాది జూలై 1న గాలిలో, జూలై 25న నీటి లోపల రెండు అణు బాంబులను పేల్చారు. 1958 వరకు బికినీలో మొత్తం 23 పరీక్షలు జరిగాయి.

మొదటి పేలుడుకు కొన్ని నెలల ముందు నుంచే సముద్ర శాస్త్రజ్ఞులు, జీవ శాస్త్రజ్ఞులు అక్కడ పని చేశారు. మడుగు లోతును, ప్రవాహాలను కొలిచారు. చేపలు, పగడాలు, పీతలు, నాచు, ప్లవకాలు సేకరించి జాబితాలు తయారు చేశారు. సేకరణ బికినీతో ఆగలేదు. రోంగెలాప్, రోంగెరిక్, ఎనివెటాక్ వలయాల నుంచి కూడా నమూనాలు తీసుకున్నారు. వ్యవసాయ పరిభాషలో చెప్పాలంటే, ప్రయోగానికి ముందటి స్థితిని నమోదు చేసి, దానితో పాటు పోల్చదగిన నియంత్రణ మడులను కూడా ఏర్పరచుకున్నారు.

ఈ పనిలో ప్రధాన పాత్ర వహించిన బృందాలలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు అనువర్తిత మత్స్య ప్రయోగశాల ఒకటి. లారెన్ డొనాల్డ్‌సన్ నాయకత్వంలో 1943లో ఏర్పడిన ఈ ప్రయోగశాల మొదటి కర్తవ్యం, హాన్‌ఫర్డ్ అణు రియాక్టర్ల నీరు చేరే కొలంబియా నదిలో చేపలపై పడే ప్రభావాన్ని తెలుసుకోవడం. ఆ బృందం 1946లో బికినీకి వెళ్లింది. 1947 వేసవిలో జరిగిన శాస్త్రీయ పునఃపరిశీలనలో మళ్లీ పాల్గొంది. ఆ తర్వాత కూడా అనేక పర్యాయాలు ఆ దీవులకు తిరిగి వెళ్లింది. ఒకే చోట, ఒకే జాతులను, ఒకే పద్ధతిలో మళ్లీ మళ్లీ కొలవడం వల్లనే ఆ లెక్కలకు విలువ వచ్చింది.

నీటిలో ఒక దారి, నేలలో ఒక దారి

తొలి యాత్రలు ఉపయోగించిన ఒక సులువైన పద్ధతి రేడియోధార్మికత తిరిగే మార్గాన్ని కంటికి చూపింది. పట్టిన చేపను కోసి, ఎండబెట్టి, ఛాయాచిత్ర ఫలకంపై ఉంచేవారు. చేపలోని రేడియోధార్మిక పదార్థమే తన ముద్రను ఫలకంపై వేసేది. నాచు మేసే చేపల్లో పేగు భాగం ప్రస్ఫుటంగా ముద్రపడింది. నీటిలోని పదార్థాన్ని నాచు పోగుచేసుకున్నది, చేప దానిని మేతగా తీసుకున్నది. నీటిని మాత్రమే కొలిచి ఊరుకుంటే ఈ సంగతి బయటపడేది కాదు.

1954 మార్చి 1న బికినీలో జరిగిన 15 మెగాటన్నుల ఉష్ణకేంద్రక పేలుడు ఈ సమస్యను మహాసముద్రమంతటికీ వ్యాపింపజేసింది. దాని ధూళి జపాన్‌కు చెందిన దైగో ఫుకుర్యూ మారు అనే చేపల పడవపై, అందులోని 23 మందిపై పడింది. పడవ రేడియో ఆపరేటర్ ఐకిచి కుబొయామా అదే ఏడాది సెప్టెంబరు 23న మరణించాడు. అప్పటికే, మే నెలలో, జపాన్ ప్రభుత్వం షుంకోత్సు మారు అనే నౌకలో శాస్త్రజ్ఞులను పంపింది. జూలై మొదటి వారం వరకు సాగిన ఆ యాత్రలో సముద్రపు నీరు, ప్లవకాలు, చేపలను పరీక్షించారు. పేలుడు స్థలానికి చాలా దూరంలో కూడా ప్రవాహాల వెంట కలుషితమైన నీటిని గుర్తించారు. 1955లో అమెరికా తీర రక్షక నౌక టేనీపై జరిగిన యాత్ర కూడా పశ్చిమ పసిఫిక్ వరకు వ్యాపించిన రేడియోధార్మికతను కొలిచింది.

ఈ పరిశీలనల్లో శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచిన విషయం ఒకటుంది. కేంద్రక విచ్ఛిత్తి వల్ల పుట్టే స్ట్రాన్షియం, సీసియం వంటివే సముద్ర జీవుల్లో అధికంగా ఉంటాయని ఊహించారు. కాని చేపల్లో, ఆల్చిప్పల్లో ప్రముఖంగా కనిపించినవి జింక్-65, ఇనుము-55, కోబాల్ట్-60. పేలుడులో వెలువడిన న్యూట్రానులు బాంబు లోహంపై, పరిసర పదార్థాలపై పడగా ఇవి పుట్టాయి. జింకు, ఇనుము, కోబాల్టు జీవులకు అవసరమైన సూక్ష్మ మూలకాలు. సముద్రపు నీటిలో అవి అత్యల్పం కనుక జీవులు వాటిని వెతికి మరీ పట్టుకుంటాయి. సీసియానికి సముద్రంలో పరిస్థితి భిన్నం. దాని పోలిక గల పొటాషియం ఆ నీటిలో సమృద్ధిగా ఉండడం వల్ల సీసియం జీవుల్లోకి చేరడం తగ్గుతుంది.

అదే వలయంలోని దీవుల మీద, నేలపై పెరిగే మొక్కల్లో, వాటిని తినే కొబ్బరి పీతల్లో మాత్రం సీసియం-137, స్ట్రాన్షియం-90 ప్రధానంగా కనిపించాయి. పేలుడు ఒకటే, ధూళి ఒకటే, చుట్టూ ఉన్న రసాయన పరిస్థితి వేరు. ఏ మూలకం ఏ జీవిలోకి చేరుతుందో నిర్ణయించేది దాని మొత్తం పరిమాణం ఒక్కటే కాదు. దాని చుట్టూ ఉన్న ఇతర లవణాలు కూడా అంతే ముఖ్యం. ఈ యాత్రల సారాంశాన్ని ఒక వాక్యంలో చెప్పాలంటే ఇదే.

కొబ్బరికాయలో తప్పిన లెక్క

1968లో బికినీ మళ్లీ నివాసయోగ్యమని అమెరికా ప్రకటించింది. శిథిలాలను తొలగించి, కొత్తగా కొబ్బరి మొక్కలు నాటారు. కొన్ని కుటుంబాలు తిరిగివచ్చాయి. ఆనాటి అంచనాలు వేసే సమయానికి కొత్త తోటలు కాపుకు రాలేదు. 1970ల మధ్యకాలంలో చెట్లు కాసి, ప్రజలు ఆ కాయలనూ నీటినీ నిత్యం వాడసాగిన తర్వాత వారి శరీరాల్లో సీసియం-137 పెరుగుతున్నట్లు కొలతల్లో తేలింది. 1978లో వారిని మళ్లీ ఖాళీ చేయించారు. తమ దీవిని రెండుసార్లు విడిచిన ఆ ప్రజల కష్టానికి ఒక కారణం, వారు నిత్యం తినే పంటను కొలవకముందే నిర్ణయం జరగడం.

కొబ్బరి అంత సీసియాన్ని ఎందుకు తీసుకున్నది? బికినీ నేల పగడపు ఇసుక. దాదాపు అంతా కాల్షియం కార్బొనేటు. దానిలో బంకమట్టి ఖనిజాలు లేవు. ఇల్లైటు వంటి అభ్రకపు జాతి ఖనిజాలున్న నేలల్లో సీసియం అయాను ఆ ఖనిజపు పొరల అంచుల్లో చిక్కి, వేరుకు అందకుండా పోతుంది. పగడపు ఇసుకలో అటువంటి పట్టు లేదు. పైగా ఆ నేలలో పొటాషియం చాలా తక్కువ. పొటాషియం కోసం వెతికే కొబ్బరి వేరు దానిని పోలిన సీసియాన్ని గ్రహిస్తుంది. అదే నేలలో కాల్షియం అపారంగా ఉండడం వల్ల, కాల్షియాన్ని పోలిన స్ట్రాన్షియం-90 మాత్రం చెట్టులోకి తక్కువగా చేరింది.

లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలకు చెందిన విలియం రోబిసన్, ఆయన సహచరులు దీనికి కనుగొన్న మార్గం వ్యవసాయ శాస్త్రజ్ఞులకు సుపరిచితమైనదే. వారు కొబ్బరి తోటలకు పొటాషియం క్లోరైడు వేశారు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అనే పేరుతో మన రైతులు వాడే ఎరువు అదే. కొబ్బరికాయల్లో సీసియం-137 వేయకముందున్న స్థాయిలో సుమారు పదో వంతుకు, కొన్ని సందర్భాల్లో అంతకంటే తక్కువకు పడిపోయింది. ఆ ఫలితం సంవత్సరాల పాటు నిలిచింది. పై మట్టిని తవ్వి తీసివేయడం మరో మార్గమే గాని, ఆ పలుచని పై పొరలోనే సేంద్రియ పదార్థమంతా ఉంది. అది పోతే తోట పెరగదు. 1998లో ప్రచురించిన నివేదికలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కూడా పొటాషియం వాడకం వైపే మొగ్గు చూపింది.

పాత జాబితా విలువ

2002లో శాస్త్రజ్ఞులు బికినీ పగడాలను మళ్లీ లెక్కించారు. 2008లో జోయి రిచర్డ్స్ తదితరులు ప్రచురించిన ఫలితాల ప్రకారం అక్కడ 183 జాతుల గట్టి పగడాలు కనిపించాయి. పేలుడు గోతిలో సైతం పగడాలు పెరిగాయి. ఈ వాక్యాలతోనే ఆగితే సముద్రం పూర్తిగా కోలుకున్నదనిపిస్తుంది. కాని జాన్ వెల్స్ 1954లో ప్రచురించిన పాత జాబితా వారి చేతిలో ఉంది. దానితో పోల్చగా 42 జాతులు కనబడలేదు. వాటిలో 14 జాతుల విషయంలో పేర్ల మార్పు, సేకరణ లోపం వంటి కారణాలు ఉండవచ్చునని పక్కన పెట్టినా, 28 జాతులు ఆ మడుగు నుంచి నిజంగానే పోయినట్లు తేలింది. పాత జాబితా లేకుంటే ఆ 28 జాతులు ఒకప్పుడు అక్కడ ఉండేవని కూడా ఎవరికీ తెలిసేది కాదు.

కడప నేలలో తలకిందులైన రసాయనం

ఈ పాఠాన్ని తుమ్మలపల్లె పరిసరాలకు ఉన్నదున్నట్లుగా దించుకోరాదు. బికినీ, కడప రెండూ సున్నపు నేలలే అయినా అక్కడి ప్రధాన సమస్య సీసియం, ఇక్కడిది యురేనియం. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతపు నల్లరేగడిలో బంకమట్టి సమృద్ధం. ఆ నేల సీసియాన్ని గట్టిగానే పట్టి ఉంచగలదు. యురేనియం మార్గం వేరు. ఆక్సిజన్ అందే, బైకార్బొనేటు అధికంగా ఉన్న నీటిలో యురేనియం కార్బొనేటుతోనూ కాల్షియంతోనూ కలిసి కరిగే సంయోగాలుగా మారుతుంది. అవి మట్టి కణాలకు అంతగా అంటుకోక నీటితో పాటు కదులుతాయి. అంటే సున్నం ఎక్కువగా ఉన్న నేల యురేనియానికి అడ్డుకట్ట కాదు.

శుద్ధి విధానాన్ని కూడా ఈ రాతి స్వభావమే నిర్ణయించింది. జార్ఖండ్‌లోని జాదుగూడలో ఖనిజాన్ని ఆమ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లె రాయి డోలమైటు కనుక ఆమ్లాన్ని రాయే మింగేస్తుంది. అందువల్ల ఇక్కడ సోడియం కార్బొనేటు, బైకార్బొనేటుతో క్షార పద్ధతిని అనుసరిస్తారు. ఫలితంగా వ్యర్థంలో సోడియం లవణాలు ఉంటాయి. యురేనియం చాలా వరకు వేరైపోయినా, దాని సంతతి మూలకమైన రేడియం-226 వ్యర్థంతోనే మిగులుతుంది. రేడియం-226 అర్ధాయువు సుమారు 1600 సంవత్సరాలు. ఏదైనా బావిలోకి ఊట చేరితే పంటకు ముందుగా తగిలే దెబ్బ రేడియోధార్మికతది కాకపోవచ్చు, సోడియానిది కావచ్చు. సోడియం పెరిగిన నీటితో నల్లరేగడి కణాలు విడిపోయి, నేల గట్టిపడి, నీరు ఇంకదు. అరటి ఆకు అంచులు మాడతాయి. ఈ లక్షణాలను యురేనియం లక్షణాలుగా భావించినా, యురేనియం కొలత తక్కువగా వచ్చిందని రైతు ఫిర్యాదును కొట్టివేసినా పొరపాటే.

మరోవైపు, ఇవే లక్షణాలు గనితో సంబంధం లేకుండా కూడా రావచ్చు. వరుస కరవులు, లోతైన బోర్లు, సహజంగానే బైకార్బొనేటు అధికంగా ఉన్న భూగర్భజలం రాయలసీమకు కొత్తవి కావు. ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల్లో కొన్ని బావుల నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటినట్లు కేంద్ర భూగర్భజల మండలి 2020 నాటి నివేదిక చూపింది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు ఆ 30 మైక్రోగ్రాములే. భారత అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు 60. ఫాస్ఫేటు ఎరువుల్లో కూడా మూల శిల నుంచి వచ్చిన యురేనియం స్వల్పంగా ఉంటుంది. ఎర్రగుంట్ల మండలంలోని రాయలసీమ తాప విద్యుత్ కేంద్రంలో మండే బొగ్గు బూడిదలోనూ సహజ రేడియోధార్మిక మూలకాలు ఉంటాయి. ఇన్ని మూలాలున్న చోట ఒక్క నమూనా, ఒక్క అంకె ఏ పక్షానికీ సాక్ష్యంగా నిలవదు.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయవలసిన పని

మొదటిది, నియంత్రణ బావుల ఎంపిక. వేంపల్లె డోలమైటు రాతిలోని బావిని ఎర్రగుంట్ల నార్జి సున్నపురాతి బావితో పోల్చి నిర్ణయానికి రాకూడదు. రాయి వేరైతే నీటి సహజ గుణమూ వేరు. వ్యర్థ చెరువుకు దిగువన ఉన్న బావికి, అదే శిలాశ్రేణిలో ఎగువన ఉన్న బావి, దూరంగా ఉన్న మరో బావి జతగా ఉండాలి. ఎర్రగుంట్ల పరిసరాలకు వేరే నమోదు, వేరే నియంత్రణ బావులు అవసరం.

రెండవది, కాలం. వానలకు ముందు మే నెలలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాలు ముగిసిన తర్వాత మరొకసారి అదే బావి నుంచి నమూనా తీయాలి. బోరును కొంతసేపు నడిపి, నిలిచిన నీరు పోయిన తర్వాతే సీసా నింపాలి. యురేనియం పరీక్షకు వడకట్టి, నత్రికామ్లం కలిపిన సీసా ఒకటి, కార్బొనేటు, బైకార్బొనేటు పరీక్షకు ఆమ్లం కలపని సీసా మరొకటి ఉండాలి.

మూడవది, కొలిచే అంశాలు. నేల ఆరోగ్య పత్రంలోని 12 అంశాల్లో యురేనియం లేదు. నీటికి ఉదజని సూచిక, విద్యుత్ వాహకత, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేటు, బైకార్బొనేటు, సల్ఫేటు కొలిచి, సోడియం శోషణ నిష్పత్తినీ అవశేష సోడియం కార్బొనేటునూ లెక్కించాలి. అవశేష సోడియం కార్బొనేటు లీటరుకు 2.5 మిల్లీతుల్యాంకాలు దాటితే ఆ నీరు సాగుకు పనికిరాదని విద్యార్థులకు తెలిసినదే. ఈ పరీక్షలు వ్యవసాయ ప్రయోగశాలల్లోనే జరుగుతాయి. యురేనియం, రేడియం పరీక్షలకు అర్హత గల ప్రయోగశాలకు పంపాలి.

నాలుగవది, పంట. బికినీలో తప్పినది ఇక్కడే. యురేనియం సాధారణంగా వేరులోనే ఎక్కువగా నిలిచి, గింజకు, పండుకు కొద్దిగానే చేరుతుంది. అయినా ఆ సాధారణ సూత్రంపై ఆధారపడి కొలవకుండా ఉండరాదు. ప్రజలు తినే భాగాన్నే, అంటే శనగ గింజను, అరటి పండును, చీనీ కాయను, ఆకుకూరను దుమ్ము లేకుండా కడిగి పరీక్షించాలి. వేరును, ఆకును, పండును వేర్వేరుగా చూడాలి. పశువుల మేతనూ పాలనూ కూడా మరువరాదు. యురేనియం విషయంలో మూత్రపిండాలపై రసాయన ప్రభావమే ప్రధానం కనుక, పంట కంటే ముందు తాగే బోరు నీటి ఫలితాన్ని తెలుసుకోవాలి.

ఐదవది, సలహా. బికినీలో పొటాష్ పనిచేసిందని ఇక్కడ యురేనియానికి పొటాష్ సిఫారసు చేయరాదు. అక్కడ పొటాషియం, సీసియం మధ్య ఉన్న పోటీ ఇక్కడ లేదు. సమస్య సోడియమని పరీక్షలో తేలితే, నేల పరీక్ష ఆధారంగా జిప్సం, మురుగు నీరు పోయే ఏర్పాటు, మంచి నీటితో కలిపి పారించడం వంటి తెలిసిన మార్గాలున్నాయి. తాగే నీటిలో యురేనియం హద్దు దాటితే దానికి వ్యవసాయ పరిష్కారం లేదు. ప్రత్యామ్నాయ తాగునీరు ఇవ్వాలని అధికారులకు వెంటనే తెలియజేయడమే కర్తవ్యం.

ఆరవది, భద్రపరచడం. ఆరబెట్టిన మట్టి నమూనాలో సగం పరీక్షకు వాడి, మిగిలిన సగాన్ని తేదీ, సర్వే నంబరు, లోతు రాసిన మూతగల సీసాలో దాచాలి. ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట ఒక అలమర చాలు. ఫలితాన్ని నివేదికలో చేర్చినట్లే, రైతుకు కూడా తెలుగులో కాగితంపై ఇవ్వాలి. తన బావి పాత లెక్క చేతిలో ఉన్న రైతు అరుదు. అది లేకనే ఫిర్యాదు చేసినవారి మాట వట్టి మాటగా మిగులుతున్నది. సమాధానం చెప్పవలసినవారికి కూడా తమ మాటను నిరూపించుకునే ఆధారం దొరకడం లేదు.

తుమ్మలపల్లె చుట్టూ గనికి ముందటి స్థితిని ఇప్పుడు కొత్తగా కొలవడం సాధ్యం కాదు. కాని ఎగువ గ్రామాల్లో, వేంపల్లె నుంచి ఎర్రగుంట్ల వరకు ఇంకా ఏ ఫిర్యాదూ రాని బావులు అనేకం ఉన్నాయి. వాటి లెక్క ఈ వేసవిలోనే మొదలు కావచ్చు. స్నాతకోత్తర విద్యార్థి ఒకరు రెండేళ్ల పరిశోధనలో 40 బావులను నాలుగుసార్లు పరీక్షించగలరు. ఆ తర్వాత వచ్చే విద్యార్థి అవే 40 బావులకు మళ్లీ వెళ్లాలి.